తప్పు ఫర్నేసుది కాదు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఫౌండ్రీలో డిజైను చూసేవాడిని. 1988లో మా అల్యూమినియం పంపు బాడీలు ప్రెజర్ టెస్టులో వరుసగా లీకయ్యాయి. పైకి చూస్తే నున్నగానే ఉన్నాయి. "లోహంలో గ్యాసు చేరింది, ఫర్నేసు దగ్గర అజాగ్రత్త" అని నేనే రిపోర్టు రాశాను. ఫర్నేసు మేస్త్రీకి మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపారు. "సార్, అంత ఎత్తునుంచి పోస్తే లోహం తుళ్ళుతోందండి" అని ఆయన అంతకుముందే చెప్పారు. నేను పట్టించుకోలేదు.

కొన్నేళ్ళకు, బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయ ఆచార్యులు జాన్ క్యాంప్‌బెల్ 1991లో వెలువరించిన 'కాస్టింగ్స్' గ్రంథం చదివాను. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి.

కాచిన పాలమీద మీగడ కట్టినట్లు, కరిగిన అల్యూమినియంపై గాలి తగిలీ తగలగానే ఆక్సైడు పొర కడుతుంది. లోహం కదలనంతసేపు ఆ పొర మేలే చేస్తుంది. తుళ్ళితే మాత్రం మడతపడి లోపలికి పోతుంది. మడతలోని రెండు పొడి ముఖాలు అతుక్కోవు. ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. మనం పోసేది 700 ప్రాంతంలో. లోహం గట్టిపడ్డాక ఆ మడతే పగులుగా మిగులుతుంది. గ్యాసు చేరితే అక్కడే రంధ్రం తెరుచుకుంటుంది. కాస్టింగుకు సాగే గుణం తగ్గుతుంది, మాటిమాటికీ ఒత్తిడి పడితే త్వరగా విరుగుతుంది, నీరు కారుతుంది.

లోహం మూసలోకి సెకనుకు అర మీటరు మించిన వేగంతో ప్రవేశించకూడదు. 13 మిల్లీమీటర్లు కిందికి పడితే చాలు, ఆ వేగం వచ్చేస్తుంది. మా మూసలో లోహం పైనుంచి జానెడు ఎత్తు పడేది. ఆ డ్రాయింగు గీసింది నేనే!

తరువాత, లోహం సిరామిక్ ఫిల్టరు గుండా వచ్చి, అడుగునుంచి నెమ్మదిగా పైకెక్కేటట్లు గేటింగు మార్చాను. లీకులు బాగా తగ్గాయి. కానీ ఆ మెమోను రద్దు చేయించే ప్రయత్నం మాత్రం చేయలేదు. అది నా రెండవ తప్పు.

ఆ మేస్త్రీగారు నేడు లేరు. వారి శ్రీమతి ఫ్యామిలీ పెన్షనరుగా ఈ సభలోనే ఉన్నారు. అమ్మా, ఆ తప్పు మీవారిది కాదు, నాది. ఇందరి ముందు చెప్పుకుంటున్నాను, క్షమించండి.

ఇంజనీర్లయిన మన పిల్లలకు ఒక్క మనవి. రిపోర్టు రాసేముందు పోసేవాడి మాట వినండి.

సెలవు.