ఎముక కనిపిస్తున్న కాలి గాయం: తోలు అంటిస్తే ఎందుకు సరిపోదు?

ఫోన్ ఒక చేతిలో ఉంది కదా, రెండో చేత్తో మోకాలి కిందనుంచి చీలమండ దాకా కాలి ముందువైపు ఒకసారి తడుముకుంటూ రండి. గట్టిగా తగిలేదంతా ఎముకే. దాని మీద పల్చటి చర్మం తప్ప దాదాపు ఇంకేమీ లేదు. వెనక పిక్క దగ్గర మాత్రం కండ బోలెడంత. బైక్ యాక్సిడెంట్లలో విరిగిన ఎముక ఇక్కడే ఎందుకు బయటపడుతుందో అర్థమైందిగా.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. అంటే ముక్కులు, పెదాలు సరిచేసేవాణ్ణి అనుకుంటారు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇలాంటి కాళ్లే.

ఆ మధ్య ఒక తండ్రి అడిగారు: "తొడ మీద తోలు తీసి అంటించేస్తే అయిపోద్ది కదా సార్, ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకు?" కొడుక్కి ఇరవై ఏళ్లు. యాక్సిడెంట్ అయి అప్పటికే 5 వారాలు. ఎముకకి రాడ్ వేశారు, కట్టు మారుస్తూ ఉన్నారు, గాయం మాత్రం మూసుకోలేదు. మధ్యలో ఎముక ఎండిపోయి కనిపిస్తోంది.

ఆయనకి చెప్పిందే మీకూ చెప్తా. బండ మీద నారు నాటితే బతుకుతుందా? తొడ నుంచి తీసే ఆ పల్చటి తోలుకి సొంత రక్త సరఫరా ఉండదు. కిందున్న గాయం నుంచే పీల్చుకుని బతకాలి. కింద కండ ఉంటే బతుకుతుంది. ఎముకను అంటిపెట్టుకుని ఉండే పెరియాస్టియం అనే పొర మిగిలి ఉన్నా బతుకుతుంది. ఆ పొర కూడా ఊడిపోతే, వేసిన తోలు నల్లబడి రాలిపోతుంది. అలాంటప్పుడు ఫ్లాప్ కావాలి. మొక్కని వేళ్లతో, మట్టిగడ్డతో సహా తెచ్చి నాటినట్టు, చర్మాన్నో కండనో దాని రక్తనాళంతో సహా తీసుకొచ్చి కప్పుతాం.

ఎక్కడి నుంచి తేవాలన్నది గాయం ఉన్న చోటుని బట్టి ఉంటుంది. మోకాలి దగ్గరైతే పిక్కలోని పైకండ, గ్యాస్ట్రోనీమియస్, దాన్ని ముందుకి తిప్పుతాం. కాలి మధ్యలో అయితే దాని కింద ఉండే సోలియస్. అసలు కష్టం చీలమండ పైభాగంలో. అక్కడ కండలన్నీ సన్నబడి తాళ్లలా అయిపోతాయి, తిప్పడానికి ఏమీ మిగలదు. చిన్న గాయాలకి పక్కనున్న చర్మాన్నే తిప్పి సర్దగలం. పెద్దదైతే తొడ నుంచో వీపు నుంచో పూర్తిగా కోసి తెచ్చి, రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళాలని మైక్రోస్కోప్ కింద కుట్టాలి. దారం వెంట్రుక కంటే సన్నం. దీన్నే ఫ్రీ ఫ్లాప్ అంటాం.

ఇప్పుడు టైమ్ గురించి. లుబ్లియానాలో, అప్పటి యుగొస్లావియాలో, మార్కో గొడీనా అనే సర్జన్ ఉండేవారు. 532 మంది పేషెంట్ల వివరాలు 1986లో ప్రచురించారు. గాయమైన 72 గంటల్లోపు ఫ్రీ ఫ్లాప్ వేసిన వాళ్లలో ఇన్ఫెక్షన్ 1.5 శాతం. 72 గంటలు దాటాక 3 నెలల లోపు వేసిన వాళ్లలో 17.5 శాతం. ఈ రోజుల్లో వ్యాక్ మెషిన్ ఉంది, గాయం మీద స్పాంజ్ పెట్టి చెడు నీరు లాగేస్తుంది, కొన్ని రోజులు ఊపిరి తీసుకునే వీలిస్తుంది. కానీ అది ఫ్లాప్‌కి బదులు కాదు. మెషిన్ పెట్టారు కదా అని వారాలు గడిపేస్తే నాకు కోపం వస్తుంది.

కాబట్టి మీ ఫ్రెండ్‌కే ఇలా అయితే, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీపొడి అస్సలు వద్దు. హాస్పిటల్లో గాయం విప్పినప్పుడు, డాక్టర్‌ని అడిగి, ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఉంచండి. ఆ తర్వాత వచ్చే ప్రతి డాక్టర్‌కీ ఫోటో చూపించొచ్చు, కట్టు మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది. ఎముకల డాక్టర్‌ని మొదటి రోజే అడగండి: "ఎముక కనిపిస్తోందా? ప్లాస్టిక్ సర్జన్ ఎప్పుడు చూస్తారు?" అడిగితే తప్పుగా అనుకుంటారేమో అని ఆగొద్దు.

ఆ అబ్బాయి సంగతి చెప్పాలి కదా. చచ్చిపోయిన ఎముకని ముందు చెక్కేయాల్సి వచ్చింది. తర్వాత తొడ నుంచి ఫ్రీ ఫ్లాప్, ఏడు గంటలు పట్టింది. ఆ రాత్రంతా గంటగంటకీ నర్సులు రంగు చూశారు. తెల్లబడితే రక్తం రావట్లేదని, ఊదాగా మారితే వచ్చింది తిరిగి పోవట్లేదని. ఏది కనిపించినా వెంటనే మళ్లీ థియేటర్‌కే. కొన్ని రోజులు కాలు కిందికి వేలాడదీయనివ్వలేదు. సిగరెట్ బయట ఫ్రెండ్స్ తెచ్చిస్తే లాక్కున్నాను, నికోటిన్‌కి ఆ చిన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి.

ఇప్పుడు నడుస్తున్నాడు. చెక్కేసిన చోట ఎముక అతకడానికి ఇంకో ఆపరేషన్ ఉంది. ఫ్లాప్ మాత్రం పూరీలా ఉబ్బుగా ఉంది, "జీన్స్ టైట్ అవుతోంది సార్" అంటాడు. అది తర్వాత పలచన చేస్తాం. అక్కడ స్పర్శ సరిగా తెలియదు కాబట్టి బైక్ సైలెన్సర్‌కి కాలు తగలకుండా చూసుకోమన్నాను. "ఇంకా బైక్ ఎక్కనిస్తారా సార్?" అన్నాడు, వాళ్ల నాన్న వైపు చూస్తూ. ఆయనేమీ మాట్లాడలేదు.