టూరింగు టాకీసు, ఇరానీ హోటలు

ఊరు విడిచి చాలాకాలమైనవారు గుడినీ, బడినీ, చెరువుగట్టునూ తలచుకొంటారు. కాని కాసులిచ్చి కూర్చొన్న చోట్లు కూడా కొన్ని మనస్సులో నిలిచిపోతవి. వాటి ప్రస్తావన అరుదు. అటువంటివి రెండింటిని ఈ పూట స్మరించదలచినాము. ఒకటి టూరింగు టాకీసు, రెండవది ఇరానీ హోటలు.

మా బాల్యం కృష్ణాజిల్లాలోని ఒక పల్లెలో, 1980 తరువాతి సంవత్సరాలలో గడచినది. కోతలు ముగిసి చేలు ఎండిన తరువాత ఊరి చివర గుంజలు పాతేవారు. రెండు రోజులలో డేరా లేచేది. పగలంతా రిక్షాకు మైకు కట్టి, రంగుకాగితాలు పంచుతూ ఊరూరా తిరిగేవారు. ఆ కాగితాల కోసం మేము మైలుదూరం పరుగెత్తేవాళ్ళము. సాయంకాలం ఘంటసాల గళంలో వేంకటేశ్వరుని భక్తిగీతం వినవచ్చేది. ఆ పాట ముగిసేలోగా అన్నాలు తిని డేరా చేరవలె. అందుచేత ఆ పాట మా ఊరికి గడియారం కూడాను.

లోపల మూడు తరగతులు: నేల, బెంచీ, కుర్చీ. మాది నేల. ఇసుకను చేతులతో కుప్పచేసి దానిపై కూర్చొంటే తెర బాగా కనిపించేది. వెనుకవాడు అంతకంటె పెద్ద కుప్ప చేసేవాడు. ప్రొజెక్టరు ఒక్కటే కావడంచేత రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. గోలీసోడాలు, వేరుశనగకాయలు, జంతికలు అమ్మేవారు జనంలో దూరేవారు. నడుమ నడుమెత్తు తడిక. అటు స్త్రీలు, ఇటు పురుషులు. తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైనది. అంతకు ఎన్నో ఏండ్ల ముందే రఘుపతి వెంకయ్య యంత్రాన్ని వెంటబెట్టుకొని దేశాలు తిరిగి బొమ్మలు చూపినారు. మా ఊరి డేరా ఆ బాటలో నడచినదే.

ఆ ఇసుకలో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చొన్నారో చీకటిలో తెలిసేది కాదు, అడిగేవారూ లేరు. కాని డేరా వెలుపలి టీ బడ్డీ సంగతి వేరు. అక్కడ గ్లాసులు రెండు రకాలు. ఒక రకం బల్లమీద ఉండేవి. రెండవ రకం చూరులో గ్రుచ్చి ఉండేవి. దళితవాడనుండి వచ్చినవారు చూరులోని గ్లాసును తామే తీసికొని, తామే కడిగి, తిరిగి తామే అక్కడ పెట్టవలె. టీ మాత్రం దూరంనుండి పోసేవారు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 15వ అధికరణం దుకాణాలలో, హోటళ్ళలో, వినోదస్థలాలలో కులాన్ని బట్టి ఎవరినీ అడ్డగించరాదన్నది. 17వ అధికరణం అస్పృశ్యతనే రద్దు చేసినది. దానిని శిక్షార్హం చేస్తూ 1955లో చట్టం వచ్చినది. ఆ తరువాత మూడు దశాబ్దాలకు కూడా మా ఊరి చూరులో ఆ గ్లాసులు ఉన్నవి. మేము వాటిని రోజూ చూచాము, ఒక్కనాడైనా ప్రశ్నించలేదు.

2000వ సంవత్సరంలో విశ్వవిద్యాలయంలో చేరడానికి హైదరాబాదు వచ్చాము. ఆ నగరపు ఇరానీ హోటళ్ళను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరనుండి యజ్ద్ వంటి ప్రాంతాలవారు బొంబాయి మీదుగా వచ్చి స్థాపించిన పద్ధతి అది. వీధిశూల ఉన్నదని ఇతరులు వదలుకొన్న మూలస్థలాలను వారు చేపట్టినారని పెద్దలంటారు. పాలరాతి పలక బల్లలు, వంచిన కొయ్య కుర్చీలు, గోడలకు అద్దాలు. పెద్ద రాగిపాత్రకు మూతిని గుడ్డతో బిగించి, సన్ననిసెగపై డికాక్షను మగ్గబెడతారు. పాలు వేరుగా చిక్కబడేదాకా మరుగుతవి. రెండూ కలిసేది కప్పులోనే. ప్రక్కన తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు. ఒక చాయ్ త్రాగి గంటసేపు కూర్చొన్నా లేవమనేవారు లేరు.

వసతిగృహంలో మా గదిలోని మిత్రుడు మరొక జిల్లావాడు. చూరులోని గ్లాసును చేతబట్టిన కుటుంబంవాడు. చేరిన రాత్రి ఇద్దరమూ ఒక ఇరానీ హోటలుకు వెళ్ళాము. మేము కూర్చొన్నాము, అతడు ద్వారం దగ్గరనే నిలిచి ఉన్నాడు. ఎక్కడ కూర్చొనవలెనో ఎవరైనా చెప్పుతారని చూస్తున్నాడని మాకు ఆలస్యంగా తెలిసినది. సర్వరు ముఖాలవైపు చూడనైనా చూడక బల్ల తుడిచి, “క్యా హోనా?” అన్నాడు. రెండు కప్పులు వచ్చినవి. మిత్రుడు కప్పును కొంతసేపు త్రిప్పి చూచి, “మన తరువాత ఈ కప్పులో ఎవరు త్రాగుతారు?” అన్నాడు.

“ఎవరైనా త్రాగుతారు” అన్నాము.

“అయితే ఇంకొక చాయ్ చెప్పు” అన్నాడు.

ఆ హోటళ్ళు సర్వసమానత్వానికి నిలయాలని చెప్పబోము. కొన్నిట కుటుంబాలకు తెరచాటు గది ఉండేది. అయినా ఒంటరిగా వచ్చి చాయ్ త్రాగిన స్త్రీని ఆ రోజులలో మేము చూడలేదు. మా తల్లికి డేరాలో తడిక అవతలనైనా చోటుండేది. ఇక్కడ అది కూడా లేదు. ప్రేమతో తలచుకొన్నంతమాత్రాన లోపాలను మరువరాదు.

ఇంటింటికీ టెలివిజను రాగా డేరాలు లేచిపోయినవి. నగరంలో స్థలాల ధరలు పెరిగి ఇరానీ హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడినవి. చార్మినారు చెంత నిమ్రా వంటివి కొన్ని ఇప్పటికీ నిండుగా నడుస్తున్నవి. మేము ఆ రాత్రి కూర్చొన్న చోట ఇప్పుడు బట్టల దుకాణమున్నది.

మిత్రుడు ఇప్పుడు ఉపాధ్యాయుడు. మొన్న వచ్చినప్పుడు మా ఊరి సంగతులు అడిగినాడు. టీ బడ్డీలో కాగితపు కప్పులు వచ్చినవనీ, రెండు గ్లాసుల బాధ తీరినదనీ సంతోషంగా చెప్పాము. అతడు కొంత ఊరకుండి, “త్రాగి పారవేసే కప్పుతో ఏమి తెలుస్తుంది? నేను త్రాగినదాన్ని కడిగి నీకిచ్చిననాడు గదా తెలిసేది” అన్నాడు.

మాకు బదులు తోచలేదు.