పాత స్వెట్టర్, కొత్త చేతులు

పోచంపాడ్‌లో గోదావరి మీది చలిగాలి మొదలైందంటే పెట్టెల్లోని స్వెట్టర్లు బయటికొస్తాయి. నిరుడు అల్లినది ఈ ఏడు పిల్లాడికి పొట్టి. పక్కన పడేయకండి. చేత్తో అల్లింది మళ్లీ దారమవుతుంది, అదే దాని గొప్పతనం.

చేతులు పొట్టివైతే పక్క కుట్టు కొంచెం విప్పి, అంచుకు పైన ఒక్క కుట్టు కత్తిరించి ఆ వరుస దారం లాగండి. బయటపడిన కుట్లను సూదికి ఎక్కించి, వేరే రంగు ఊలుతో కావలసినంత పెంచండి. మొత్తం విప్పాలంటే అల్లిక ముగించిన కొస పట్టుకోవాలి; మొదలుపెట్టిన వైపు లాగితే చిక్కుపడుతుంది. విప్పిన ఊలును కుర్చీ వీపుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేలాడదీస్తే మెలికలు పోతాయి. మెలిపెట్టి పిండొద్దు, ఉన్ని ముద్దకడుతుంది.

రంగు వెలిసిందా? ఆర్మూరు పసుపు మన పక్కనే ఉంది. అసలు ఉన్నిని పసుపు నీళ్లలో సన్నని సెగ మీద ఉంచి, అందులోనే చల్లారనిస్తే పటిక లేకుండానే రంగు పడుతుంది. యాక్రిలిక్‌కు సరిగా అంటదు. ఎండకు పసుపు వెలుస్తుంది కాబట్టి నీడనే ఆరేయండి. నాకైతే అలా పసుపు ఊలుతో పెంచిన చేతులున్న పాత స్వెట్టరే కొత్తదానికన్నా ముద్దొస్తుంది.