అమెరికాలో రావుగారి ఇంటిపేరు

ఈ పూట ముగ్గురు రావుగార్లను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

గణాంకశాస్త్రం చదివినవారికి క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం తెలియకుండా ఉండవు. పాతికేళ్ళ ప్రాయంలో, 1945లో, ఆ ఫలితాలను ప్రకటించినవారు సి.ఆర్. రావుగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలో చిరకాలం పనిచేసి, తరువాత పెన్సిల్వేనియాలో ఆచార్యులై, 102 ఏళ్ళు జీవించి 2023లో కన్నుమూశారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి తెలుగు బోధించి, డేవిడ్ షుల్మన్‌గారితో కలిసి మన కవిత్వాన్ని ఇంగ్లీషు పాఠకులకు అందించినవారు నారాయణరావుగారు. వీరిద్దరికంటె ముందే బోస్టన్ చేరిన భీమవరం బిడ్డ సుబ్బారావుగారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్ పరిశోధనలను నడిపించి, 1948లో గతించారు.

రంగాలు మూడు, రావు ఒకటే. మరి వీరు బంధువులా? కారు. ఒకరు కల్యంపూడివారు, ఒకరు వెల్చేరువారు, ఒకరు యల్లాప్రగడవారు. రావు అన్నది రాజు, రాయలు అన్న మాటలకు దగ్గరి చుట్టం. గౌరవంగా పేరు చివర చేరేది. అయితే ఇక్కడి దరఖాస్తుకు చివరి మాటే లాస్ట్ నేమ్. అందుచేత కల్యంపూడి ఒక పొడి అక్షరమైపోయింది. సుబ్బారావుగారి సంగతి మరీ చిత్రం. ఇంటిపేరు ఫస్ట్ నేమ్ అయి, పెట్టిన పేరు లాస్ట్ నేమ్ అయింది. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. అందులో యల్లాప్రగడ జాడే లేదు.

శాస్త్రానికి దీనివల్ల లోటేమీ లేదు. లోటు మన ఇళ్ళకు. మేము మూడు తరాలుగా బడిపంతుళ్ళం. మా తాతగారి హాజరుపట్టీలో ప్రతి పిల్లవాడికీ ఇంటిపేరు ముందుండేది. ఇక్కడ మా సాయంకాలపు తరగతిలో "మీ ఇంటిపేరేమిటమ్మా?" అంటే ముగ్గురు పిల్లలు "రావు" అంటారు. వారిలో ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు.

ఇంటిపేరు ఒక్క మాటలో చాలా చెబుతుంది. కూచిపూడిలోలాగే కల్యంపూడిలోనూ పూడి అన్నది ఊరి గుర్తు. ప్రగడ అంటే ప్రెగ్గడ, అనగా మంత్రి. రావు అన్న మాట ఊరూ చెప్పదు, ఉద్యోగమూ చెప్పదు. 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన సత్య నాదెళ్ళగారి పేరులో ఇంటిపేరు చోటు మారిందే గాని చెరిగిపోలేదు.

తల్లిదండ్రులారా, కాగితాలు మార్చుకోమని మేము అడగటం లేదు. పిల్లల తెలుగు నోటుపుస్తకం అట్టమీద ఇంటిపేరు, దాని వెనుకనున్న ఊరు రాయించండి. తెలియకపోతే ఈ ఆదివారమే ఇంటికి ఫోను చేయండి. చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. సెలవు.