నాన్న లెదర్ షూ, తిత్లీ తుపాను, నేను చేసిన తప్పు

ఈ రోజు ఎపిసోడ్ లెదర్ షూ గురించి. "మాది ఉద్దానం బ్రో, చెప్పులేసుకుని తిరిగేవాళ్లం, మాకెందుకు ఇది" అని స్కిప్ చేసేయకండి. ఇంటర్వ్యూకనో పెళ్లికనో కొన్న జత ఒకటైనా ఇంట్లో ఉంటుంది కదా. ఏడాదికి రెండుసార్లే బయటికి తీస్తాం. అందుకే అవి తొందరగా పాడవుతాయి.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. 2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము. తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఎలా ఒరిగిపోయాయో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఇంటి రేకులు లేచిపోయాయి. అటక మీద అట్టపెట్టెలో నాన్న నల్ల లెదర్ షూ ఉండేవి, అక్క పెళ్లికి కొనుక్కున్నవి. నీళ్లలో నానిపోయాయి. వాన వెలిశాక, మంచి పనే చేస్తున్నాననుకుని, పడిపోయిన రేకు మీద ఎర్రటి ఎండలో పెట్టేశాను. సాయంత్రానికి చెక్కలా బిగుసుకుపోయాయి. వేళ్ల దగ్గర మడత పడే చోట పగిలిపోయాయి.

కాశీబుగ్గలో చెప్పులు కుట్టే తాత ఒకాయన దగ్గరకి పట్టుకెళ్లాను. ఆయన షూ వంచి చూసి, "ఏటి బాబూ, ఎండుచేపలనుకున్నావేటి, ఇలాగెండేసినావు?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. "పగులు అతకదు. ఇంకా పెరక్కండా సూసుకోవాల" అని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించారు.

ఆయన చెప్పినదాని వెనక కారణం తర్వాత చదివి తెలుసుకున్నా. తోలు అంటే సన్నటి పోగుల అల్లిక. తోలు శుద్ధి చేసేటప్పుడే ఆ పోగుల మధ్యకి నూనె ఎక్కిస్తారు. ఆ నూనె ఉన్నన్నాళ్లూ పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి, షూ మెత్తగా వంగుతుంది. తడిసిన తోలు వేడికి గబగబా ఆరితే ఆ పోగులు ముడుచుకుని అతుక్కుపోతాయి. ఇక వంచితే విరగడమే.

మనం పొరబడేది ఇక్కడే. డబ్బా పాలిష్ రాస్తే తోలు మీద మిగిలేది మైనం, రంగు. అది పై పొర. మన జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు, జీడి రసం చర్మాన్ని కాల్చకుండా చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు కదా. పాలిష్ కూడా అలాంటి అడ్డుపొరే. లోపలికి మెత్తదనం ఇచ్చేది కండిషనర్. ఎండిపోయిన తోలు మీద పాలిష్ మీద పాలిష్ కొడితే, మెరుస్తూనే పగులుతుంది.

ఇప్పుడు వరసగా చూద్దాం. లేసులు తీసేయండి. బ్రష్‌తో దుమ్ము దులపండి, ముఖ్యంగా సోల్ కుట్టు దగ్గర మన సముద్రపు ఇసుక ఇరుక్కుంటుంది. నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. తర్వాత కండిషనర్. శనగ గింజంత గుడ్డకి తీసుకుని పల్చగా రాయండి. ముందు లోపలి పక్కన, కనిపించని చోట కొంచెం రాసి రంగు మారుతుందేమో చూసుకోండి. ఇరవై నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాతే పాలిష్, అది కూడా పల్చగానే. పది నిమిషాలాగి బ్రష్ కొట్టండి. అద్దంలాంటి మెరుపు కావాలంటే ముక్కు దగ్గర మాత్రమే, ఒక్కో నీటి చుక్క వేస్తూ గుడ్డతో రుద్దండి. మడత పడే చోట మైనం మందంగా పెడితే నడవగానే పొట్టు లేస్తుంది.

"కొబ్బరికి మనకేం కొదవ, కొబ్బరినూనె రాసేస్తే పోలా?" అంటారా? వద్దు. రంగు ముదురుతుంది, దుమ్ము అంటుకుంటుంది. చలికాలం సీసాలో గడ్డకట్టినట్టే తోలు మీద కూడా తెల్లగా తేలొచ్చు.

తడిస్తే ఎండ, పొయ్యి, హెయిర్ డ్రయ్యర్ ఏవీ వద్దు. లోపల న్యూస్‌పేపర్ కుక్కి, ఫ్యాన్ కింద పెట్టి, పేపర్ మారుస్తూ ఉండండి. ఉప్పు నీటి తెల్లచార పడితే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. బూజు పడితే ఇంటి బయట దులిపి, అదే నీళ్లతో తుడిచి, బాగా ఆరనిచ్చాకే కండిషనర్ రాయండి. ప్లాస్టిక్ కవర్‌లో మాత్రం కట్టి పెట్టొద్దు. మన తీరం గాలిలో ఉన్న తేమంతా లోపలే ఉండిపోతుంది. బట్ట సంచి చాలు.

ఒక్క మాట, ఇదంతా అసలు తోలుకే. రెగ్జిన్ షూ అయితే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది, కండిషనర్‌కి డబ్బులు తగలేయకండి. స్వెడ్ షూకి మైనం పాలిష్ అసలు పెట్టొద్దు.

ఆ షూ నాన్న మళ్లీ వేసుకోలేదు. కిడ్నీ జబ్బుతో ఆయన పాదాలకి నీరు పట్టింది, షూ ఎక్కలేదు. ఉద్దానంలో ఈ మాట విడమరచి చెప్పాల్సిన పని లేదు. "నీకు సరిపోతాయేమో చూడరా" అని నాకిచ్చేశారు. పలాసలో రైలెక్కి విశాఖ ఇంటర్వ్యూకి అవే వేసుకెళ్లా, ఉద్యోగం రాలేదు. తర్వాత టెక్కలిలో ఇంటర్వ్యూకీ అవే. ఈసారి వచ్చింది.

ఇప్పుడు నెలకో ఆదివారం ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం. కండిషనర్ నేను రాస్తా, బ్రష్ మాత్రం నాన్నే కొడతారు. పగులు దగ్గరకి వచ్చేసరికి ఆయన చెయ్యి నెమ్మదిస్తుంది. దాని గురించి నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

మీ ఇంట్లో కూడా అటక మీద పెట్టె ఉంటే ఈ రోజే దించి, షూ ఒకసారి వంచి చూడండి. గట్టిగా అనిపిస్తే పాలిష్ డబ్బా పక్కన పెట్టి, ముందు కండిషనర్. డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.