బీచ్‌లో నీలి జెండా ఉంటే అర్థమేంటి?

విశాఖ రుషికొండ బీచ్‌కి వెళ్లినవాళ్లు అక్కడ ఎగిరే నీలి జెండా చూసే ఉంటారు. దాన్నే బ్లూ ఫ్లాగ్ అంటారు. 1985లో ఫ్రాన్స్‌లో మొదలైన ఈ గుర్తింపుని ఇప్పుడు డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే ఎఫ్‌ఈఈ అనే సంస్థ ఇస్తోంది. 2020లో మన దేశంలో 8 బీచ్‌లకి ఒకేసారి వచ్చింది. అందులో రుషికొండ ఒకటి.

ఇది రావాలంటే 33 ప్రమాణాలు పాటించాలి. నీటి నాణ్యత, పరిసరాల నిర్వహణ, భద్రత, పర్యావరణ అవగాహన, ఇవన్నీ చూస్తారు. నీళ్లు కంటికి తేటగా కనిపిస్తే చాలదండీ. సీజన్‌లో కనీసం నెలకోసారి శాంపిల్ తీసి, మురుగు కలిస్తే పెరిగే ఇ.కోలై లాంటి బ్యాక్టీరియా ఎంతుందో ల్యాబ్‌లో చూడాలి. ఆ ఫలితాలు బీచ్‌లో బోర్డు మీద పెట్టాలి.

ఇంకో సంగతి. ఈ జెండా ఒకసారి వస్తే శాశ్వతంగా ఉండిపోదు, ఏటా మళ్లీ తెచ్చుకోవాలి. 2025 మార్చిలో నిర్వహణ సరిగా లేదని రుషికొండ గుర్తింపుని తాత్కాలికంగా ఆపేశారు. లోపాలు సరిచేశాక మళ్లీ ఇచ్చారు. అంటే తనిఖీ ఉంటేనే శుభ్రత ఉంటోందన్నమాట!

అందుకే ఈసారి వెళ్తే జెండా దగ్గర సెల్ఫీతో ఆగకండి. ఆ బోర్డు చదవండి. పరీక్ష తేదీ పాతదైతే అక్కడి సిబ్బందిని అడగండి. మనం తెచ్చిన చిప్స్ కవరు మాత్రం మన సంచిలోనే వెనక్కి తెచ్చుకుందాం.