నీళ్ల ట్యాంకులో ఆకాశం

(సంస్థ వార్షికోత్సవంలో, స్కాలర్‌షిప్పుల పంపిణీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము నీళ్ల ట్యాంకు గురించి చెబుతాము. దానికొక కారణం ఉంది.

పోయిన ఏడాది పదో తరగతిలో కాంతి వక్రీభవనం పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "టీచర్, నీళ్ల ట్యాంకులతో ఆకాశాన్ని చూస్తారంట, నిజమేనా?" అని అడిగింది. మాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా, "అది పరీక్షకు రాదు, కూర్చోమ్మా" అన్నాము. కూర్చుంది. ఆ ఏడాదంతా మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు. అది మమ్మల్ని బాధించింది. ఎండాకాలం సెలవుల్లో చదివి తెలుసుకున్నాము. ఈరోజు ఆ బాకీ తీర్చుకుంటాము.

పేలిపోయిన నక్షత్రాల శిథిలాల నుంచి, బ్లాక్ హోల్స్ పరిసరాల నుంచి గామా కిరణాలు వస్తుంటాయి. అవి నేలదాకా రావు. పైన గాలిని తాకగానే ఒక గామా కిరణం ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అనే జంటగా మారుతుంది. ఆ జంట మళ్లీ గామా కిరణాలను పుట్టిస్తుంది. అవి మళ్లీ జంటలవుతాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, వేలై, జల్లుగా కిందికి దిగుతాయి. ఆ జల్లును పట్టే పాత్రే నీళ్ల ట్యాంకు.

నీళ్లలో కాంతి నెమ్మదిస్తుంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయేది సుమారు రెండుంపావు లక్షలకు తగ్గుతుంది. పిల్లలూ, మీరు బట్టీ పట్టే 1.33 అనే వక్రీభవన గుణకానికి అర్థం ఇదే. జల్లులోని కణాలు అంతకంటే వేగంగా నీళ్లలోకి దూసుకొస్తాయి. చెరువులో బాతు ఈదితే వెనకాల అల రెండు పక్కలా విచ్చుకున్నట్టు, ఆ కణం వెంట నీలి వెలుగు విచ్చుకుంటుంది. 1934లో పావెల్ చెరెంకోవ్ గమనించిన ఈ వెలుగుకు 1958లో నోబెల్ బహుమతి దక్కింది.

మెక్సికో దేశంలో సియెర్రా నెగ్రా అనే కొండ మీద, 4,100 మీటర్ల ఎత్తున ఇలాంటి ట్యాంకులు 300 ఉన్నాయి. హాక్ అనే ఆ కేంద్రం 2015లో ప్రారంభమైంది. ఒక్కో ట్యాంకులో సుమారు 1,88,000 లీటర్ల నీళ్లు. అడుగున నాలుగు ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు. పిసరంత వెలుగును కూడా విద్యుత్తుగా మార్చి పెంచేవి. జల్లు పళ్లెంలా పలచగా దిగుతుంది. ఏటవాలుగా వస్తే ఒక పక్క ట్యాంకులు ముందు, మరో పక్కవి తరవాత వెలుగుతాయి. సెకనులో వంద కోట్లవ వంతు తేడాలు లెక్కగట్టి, కిరణం ఏ దిక్కునుంచి వచ్చిందో చెబుతారు.

కట్టడంలో చిక్కులు మన ఇంటి ట్యాంకు చిక్కులే. వెలుతురు దూరితే పాచి పడుతుందని మనం మూత వేస్తాము. అక్కడ వెలుతురు దూరితే కొలతే పోతుంది. నీళ్లు మసకబారితే నీలి వెలుగు అడుగుదాకా చేరదు, కాబట్టి వడగట్టి నింపుతారు. లోతు తక్కువైతే జల్లులోని గామా కిరణాలు నీళ్లలో జంటలుగా మారకుండానే దాటిపోతాయి. చోటు ఎత్తున లేకపోతే జల్లు గాలిలోనే ఇంకిపోతుంది. మన హార్స్‌లీ హిల్స్ సుమారు 4 వేల అడుగులు. ఈ పనికి అది చాలదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. ఒక గామా జల్లుకు వేల సంఖ్యలో మామూలు కాస్మిక్ కిరణాల జల్లులు వచ్చి పడతాయి. వాటిని వేరుచేసే గుర్తు మ్యువాన్ అనే కణం. కాస్మిక్ జల్లుల్లో అది మెండు, గామా జల్లుల్లో అరుదు. మ్యువాన్ ఎంత మొండిదో తెలియాలంటే, మన జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న కోలార్ బంగారు గనులను తలచుకోవాలి. దాని బెడద తగ్గించుకునేందుకే 2 కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టి, 1965లో అక్కడ వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. చైనాలోని లాసో కేంద్రంలో మ్యువాన్ల కోసం 1,188 నీటి తొట్లను రెండున్నర మీటర్ల మట్టి కింద పూడ్చారు. మట్టి మిగతా కణాలను ఆపుతుంది, మ్యువాన్‌ను ఆపలేదు. చిలీలోని అటకామా ఎడారిలో రాబోయే కేంద్రానికి ఒకే ట్యాంకును పై అర, కింది అరగా చేయాలని ఆలోచిస్తున్నారు.

మన దేశం వేరే దారి పట్టింది. లద్దాఖ్‌లోని హాన్లేలో 2024 అక్టోబరులో ప్రారంభమైన మేస్ టెలిస్కోప్‌ది 21 మీటర్ల అద్దం. దాని తయారీలో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ చేయి ఉంది. అది జల్లు గాలిలో విడిచే వెలుగును చూస్తుంది. చూపు చురుకే గానీ చీకటి రాత్రి, మబ్బులేని ఆకాశం ఉండాలి. ట్యాంకులకు ఆ పట్టింపు లేదు. పగలు, రాత్రి, వానలో కూడా పనిచేస్తాయి. అందుకే రెండూ కావాలి.

పెద్దలకు ఒక మనవి. ఇలాంటి ప్రశ్నలడిగే ఆడపిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. పదో తరగతి అయ్యాక "ఇంక చాలులే" అనే మాట వింటున్నారు. తండ్రులకు ఇష్టం లేక కాదు. ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు, రెండేళ్లు ఎలా లాగాలన్నదే భయం. మన స్కాలర్‌షిప్పు పదో తరగతితో ఆగిపోతోంది. దానిని ఇంటర్ రెండేళ్లకు, సైన్సు తీసుకునే ఆడపిల్లలకు ముందుగా, పొడిగించండి. ఒక అమ్మాయి బస్సు పాసు ఖర్చు రెండేళ్లూ మేము భరిస్తాము.

ఆరోజు ప్రశ్న అడిగిన అమ్మాయి ఈ సభలో ఉంటే వినాలి. అవునమ్మా, నిజమే, నీళ్ల ట్యాంకులతో ఆకాశాన్ని చూస్తారు. ఇంకేదైనా అడగాలంటే వచ్చి అడుగు. తెలియకపోతే ఈసారి తెలియదనే చెబుతాము.